దూది చిక్కిన మంచు

"పన్నెండింటికి వీణ్ణి జీపెక్కిస్తాను, టీచరమ్మగారూ. ఈలోగా మీరేం చూసుకుంటారో చూసుకోండి," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

టీచరమ్మ చేతి గడియారం చూసుకుంది. పదకొండుకి పది నిమిషాలుంది.

ముప్ఫై ఏళ్లు పిల్లలకు సైన్సు చెప్పి, ఆరేళ్లుగా పెద్దవాళ్ల తప్పులు దిద్దుతోంది ఆవిడ. ఇలాంటి గదులు చాలానే చూసింది. కానీ తనను రమ్మని పిలిచిన మనిషి మంచం ఇలా ఖాళీగా ఉండటం ఇదే మొదటిసారి.

నిన్న సాయంత్రం నాలుగింటికి ఫోన్ చేసింది ఈ ఇంటి పెద్దావిడ. నలభై ఏళ్లు మందుల షాపు నడిపిన మనిషి. నెల కిందట కాలు విరిగి, కట్టుతో మంచం పట్టింది.

"టీచరుగారూ, నా మాత్రల డబ్బాలో నాది కాని మాత్ర ఒకటి కనబడింది," అంది గొంతు తగ్గించి. "రంగూ అదే, సైజూ అదే. నలభై ఏళ్లు వాటితో కాపురం చేసినదాన్ని, నా వేళ్లకు తెలీదూ? ఒకళ్ల మీద అనుమానంగా ఉంది. తొందరపడి అంటే పాపం చుట్టుకుంటుంది. రేపు పదింటికి రండి, ముందు మీరు చూడండి."

పదింటికి వచ్చేసరికి పెద్దావిడ ఆసుపత్రిలో ఉంది. పొద్దున్న ఆరూ పదికి ఆయా తలుపు తీస్తే గది మంచుగడ్డలా ఉందట. మనిషి కొయ్యబారిపోయింది. ఊపిరి ఉందా లేదా అన్నట్టుంది. ఇంకా స్పృహ రాలేదు.

"గదికి వేడిగాలి ఇచ్చే హీట్‌పంపు పాడైంది, గది చల్లబడింది. ఇందులో తలబద్దలు కొట్టుకోడానికేముంది?" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "మొన్న పదకొండింటికి దాన్ని సర్వీసు చేసినవాడు వీడు. నిన్న రాత్రి పదింటికి అది చచ్చింది. చేతకాని పని చేసి ప్రాణం మీదికి తెచ్చాడు."

గుమ్మం దగ్గర నిలబడ్డ మెకానిక్ తలెత్తలేదు. ఆ కొండమీది ఊళ్లో వాణ్ణి అందరూ స్పానర్ అంటారు. వాడి ఎడమచేతికి, ఒక కానిస్టేబుల్ కుడిచేతికి కలిపి బేడీ వేసి ఉంది. స్పానర్ ముక్కు తుడుచుకున్నప్పుడల్లా కానిస్టేబుల్ చెయ్యి కూడా వెంట లేస్తోంది.

"ఏరా, నువ్వేమంటావు?" అంది టీచరమ్మ. వాడు ఆవిడ దగ్గరే ఏడో తరగతి రెండుసార్లు తప్పాడు.

"ఏమనను, టీచరమ్మగారూ. మొన్న అన్నీ సరిగానే ఉన్నాయి. కానీ రాత్రంతా ఆవిడ చలిలో... నేనే ఏదైనా మర్చిపోయానేమో. పదిహేనేళ్లు పనిచేసిన నా చేతి మీద నాకే నమ్మకం పోయిందమ్మా."

టీచరమ్మకు కలుక్కుమంది. జైలుకెళ్లినవాడు ఎప్పటికైనా తిరిగొస్తాడు. తన చేతిని తనే నమ్మలేనివాడు మళ్లీ పని ముట్టుకోగలడా?

ఆవిడ ముందు ఆయాను పిలిచింది.

"నిన్న ఎన్నింటికి వెళ్లావు?"

"ఎనిమిదిన్నరకమ్మా. ఎనిమిదింబావుకి రిమోట్‌తో ఇరవై నాలుగు పెట్టాను. వేడిగాలి బాగానే వస్తోంది. అమ్మగారికి దగ్గు కదా, రోజూలాగే ఆవిరి గిన్నె మంచం పక్కన పెట్టాను. నిద్రమాత్ర వేశాను. తలుపు చేరవేసి వెళ్లాను."

"తర్వాత ఇంట్లో ఎవరున్నారు?"

"అమ్మగారి తమ్ముడుగారు ఒక్కరే."

ఆ మాట అంటుండగానే తమ్ముడు టీ గ్లాసుల పళ్లెంతో లోపలికొచ్చాడు. నెరిసిన తల, ఏడ్చి ఎర్రబడ్డ కళ్లు. అక్కకు కాలు విరిగినప్పటి నుంచి మందుల షాపు ఆయనే చూసుకుంటున్నాడు. ఇన్‌స్పెక్టర్‌కి, టీచరమ్మకి, కానిస్టేబుల్‌కి టీ ఇచ్చి, చివరికి స్పానర్‌కి కూడా ఒక గ్లాసు అందించాడు.

"తాగు నాయనా. సార్, పాపం వాడు కావాలని చేశాడా? నాకు వాడి మీద కోపం లేదు. మా అక్క బతికి బట్టకడితే అదే పదివేలు."

'ఎంత మంచి మనసు,' అనుకుంది టీచరమ్మ. ఆ వెంటనే ఆవిడకు చిన్న సందేహం కూడా కలిగింది. మంచితనాన్ని శంకించడం పాపమే. శంకించకుండా ఊరుకోవడం కూడా ఒక్కోసారి పాపమేనా? దేవుడే చెప్పాలి.

"మెషిను పదింటికి ఆగిందని మీకెలా తెలుసు బాబూ?"

"బయటి పెట్టె నా గది కిటికీ కిందే ఉందమ్మా. రోజూ దాని హోరులోనే నాకు నిద్ర. నిన్న సరిగ్గా పదింటికి ఢక్కుమంది, అంతే, నిశ్శబ్దం. కాసేపు రెస్టు తీసుకుంటుందిలే అనుకుని పడుకున్నాను. తెల్లారి చూస్తే మంచు కప్పేసి శివలింగంలా ఉంది. లేచి చూడకపోవడం నా తప్పే." ఆయన కండువాతో కళ్లొత్తుకున్నాడు.

"రాత్రి మళ్లీ లేచారా?"

"లేదమ్మా. తెల్లారే లేచాను."

పదకొండుంబావు అయ్యేసరికి ఆయన గుడ్డసంచీ, ఫ్లాస్కూ సర్దుకున్నాడు. "పదకొండున్నరకి లోపలికి వదుల్తారట. అక్క పక్కన అయినవాళ్లు ఒకరుండాలిగా," అంటూ వెళ్లిపోయాడు. గేటు చప్పుడైంది.

టీచరమ్మ స్పానర్ వైపు తిరిగింది. "ఒరేయ్, మెషిను వేడి ఇవ్వట్లేదని ఎవరైనా పిలిస్తే ఎలా వెతుకుతావు? నేను కొత్తగా పని నేర్చుకుంటున్నాననుకో. ఒకటో మెట్టు నుంచి చెప్పు."

"టైము దండగ," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"పన్నెండు దాకా టైము నాది. మీరే ఇచ్చారు."

స్పానర్ గొంతు సవరించుకున్నాడు. "చిన్న రోగాలు ముందు చూడాలమ్మా, పెద్ద రోగం ఆఖర్న. ముందు కరెంటు. తర్వాత రిమోట్‌లో ఏం పెట్టారో. తర్వాత ఫిల్టర్. అప్పుడు బయటి పెట్టె. గ్యాసూ కంప్రెసరూ చిట్టచివర. చాలామంది గ్యాసు పోయిందని ముందే డబ్బా విప్పేస్తారు. తీరా చూస్తే స్విచ్ ఆపేసి ఉంటుంది."

"అయితే పద, కరెంటు."

బ్రేకర్లు వరండాలో ఉన్నాయి. స్పానర్ వెనక కానిస్టేబుల్, ఆ వెనక ఇన్‌స్పెక్టర్. స్పానర్ డబ్బా మూత తీసి, మీటల మీదికి వంగాడు.

"పొద్దుట్నుంచి దీన్ని ఎవరైనా ముట్టుకున్నారా?"

"నేనెవర్నీ ముట్టుకోనివ్వలేదు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "హీట్‌పంపుది పడిపోయి ఉంది. మెషిన్ కాలి ట్రిప్ అయింది. ఇంతకంటే ఏం కావాలి?"

"ఇది ట్రిప్ అవ్వలేదు సార్. ఈ రకంది తనంతట తాను పడితే మీట సగంలో ఆగుతుంది, పూర్తిగా కిందికి రాదు. పూర్తిగా కిందికుందంటే వేలు పెట్టి ఆపినట్టే."

కానిస్టేబుల్ కుతూహలంగా ముందుకు వంగాడు. "మా ఇంట్లోదీ అంతే సార్. సగంలోనే వేలాడుద్ది."

"నిన్నడిగానా?" అని కసిరాడు ఇన్‌స్పెక్టర్. కాని తన నోట్‌బుక్కు తీశాడు. "పొద్దున్న తమ్ముడు ఆపి ఉండొచ్చు."

"ఆ మాట మీతో అన్నాడా?"

ఇన్‌స్పెక్టర్ పేజీలు తిప్పాడు. "అనలేదు."

రెండో మెట్టు రిమోట్. అది పెద్దావిడ గదిలో గోడకు బిగించిన అరలో ఉంది. దాని చిన్న తెర మీద సూర్యుడి బొమ్మ, ఇరవై నాలుగు. ఆయా చెప్పినట్టే వేడి పెట్టి ఉంది. ఫిల్టర్ ఊడదీసి వెలుతురుకి పట్టుకుంటే అవతలి కిటికీ స్పష్టంగా కనిపించింది. దుమ్ము లేదు.

"మూడూ అయిపోయాయి. వెళ్దామా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్. పదకొండున్నర దాటింది. "పోయినసారి మీ మాట విని పై ఆఫీసరు ముందు తలొంచుకున్నాను, టీచరమ్మగారూ. ఈసారి నా కేసు నన్ను చూసుకోనివ్వండి."

"పోయినసారి మీరు తలొంచుకున్నందుకు ఒక అమాయకుడు తలెత్తుకుని ఇంటికెళ్లాడు బాబూ. నష్టమేం లేదు."

ఇన్‌స్పెక్టర్ గడియారం చూసుకుంటూనే వెనకవైపు నడిచాడు.

బయటి పెట్టె ఇంటి వెనక, ఎండ పడని గోడ పక్కన ఉంది. నీడలో చలి ఇంకా కొరుకుతోంది. పెట్టె నెత్తిమీదా, ముందున్న ఫ్యాన్ జాలీ మీదా బొటనవేలంత మందాన మంచు. జాలీ కడ్డీల నుంచి ఊడల్లా వేలాడుతోంది.

"ఇదిగో," అన్నాడు ఇన్‌స్పెక్టర్ విజయగర్వంతో. "మంచు పట్టి బిగుసుకుపోయింది. పాడైనప్పుడు ఇలాగే అవుతుందని నువ్వే పొద్దున్న చెప్పావు."

"చెప్పాను సార్. అప్పుడింకా దీన్ని చూడలేదు." స్పానర్ మోకాళ్ల మీద కూర్చున్నాడు. కానిస్టేబుల్ కూడా కూర్చోక తప్పలేదు. స్పానర్ వేలితో మంచు తడిమాడు. మొదటిసారి వాడి గొంతులో బెరుకు పోయి పనివాడి గొంతు వచ్చింది. "టీచరమ్మగారూ, ఇలా రండి. ఇది అద్దంలా ఉంది. అవతల జాలీ కనబడుతోంది. మెషిన్‌కి పట్టే మంచు ఇలా ఉండదు. గాల్లో తేమే పేరుకుంటుంది గనక తెల్లగా, గరుగ్గా, పిండి చల్లినట్టుంటుంది. అదీ ముందు కాదు, వెనక రేకుల మీద పడుతుంది. గాలి లోపలికెళ్లేది అటు నుంచి."

అందరూ వెనక్కి వెళ్లి చూశారు. సన్నటి రేకులు పొడిగా, దువ్వినట్టు శుభ్రంగా ఉన్నాయి.

"అంటే?"

"పైనుంచి నీళ్లు పోశారమ్మా. చలికి గడ్డకట్టింది. మెషిన్ తిరుగుతుంటే జాలీ మీద నీళ్లు ఇలా నిలవవు. ఆపేశాకే పోశారు."

"వాన పడిందేమో," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"పెట్టె ఒక్కదాని మీదేనా?" అంది టీచరమ్మ. చుట్టూ నేల పొడిగా ఉంది.

ఇన్‌స్పెక్టర్ బూటుతో నేల రాసి చూశాడు. అతడు చెడ్డవాడు కాదు. తొందర మనిషి. లెక్కకు ముందే జవాబు రాసేసే పిల్లాణ్ణి దిద్దినట్టు దిద్దాలి ఇతన్ని, అనుకుంది టీచరమ్మ. ఇంతలో ఆవిడ చూపు గోడ మీదికి పోయింది. లోపలి పెట్టె ఉన్నచోట గోడలోంచి చిటికెన వేలంత తెల్ల గొట్టం ఒకటి బయటికొచ్చి కిందికి వంగి ఉంది. దాని మూతి నుంచి మూరెడు మంచు కడ్డీ వేలాడుతోంది.

"ఇదేమిట్రా?"

స్పానర్ చూశాడు. వాడి నోరు తెరుచుకుంది. లేచిన విసురుకి కానిస్టేబుల్ తూలిపడబోయాడు.

"ఇది... ఇది రాకూడదమ్మా!"

"ఏది?"

"ఇది లోపలి పెట్టె నీళ్లు పోయే గొట్టం. ఎండాకాలంలో గది చల్లబరిచినప్పుడే దీంట్లోంచి నీళ్లొస్తాయి. చలికాలం వేడి ఇచ్చేటప్పుడు ఇందులో చుక్క కూడా ఉండదు. ఎండిపోయి ఉంటుంది. అందుకే నేను ప్రతి ఇంట్లో చలికాలం సర్వీసుకెళ్లినప్పుడు దీని మూతిలో ఇంత దూది కూరతాను. పురుగులు దూరకుండా. నాకు మా గురువు నేర్పిన అలవాటు. మొన్న కూడా పెట్టాను, పొడి దూది."

టీచరమ్మ కళ్లద్దాలు సర్దుకుని దగ్గరగా చూసింది. గొట్టం మూతిలోంచి సగం జారిన దూది ఉండ, మంచు కడ్డీ పైభాగాన ఇరుక్కుపోయి ఉంది. చెరుకు గడలో కణుపులా.

"చల్లటి గ్లాసు బయట చెమట ఎందుకు పడుతుందిరా?" అంది మెల్లగా.

"గాల్లో ఆవిరి చల్లటి వస్తువుకు తగిలి నీరవుతుంది గనక. గదిలో ఆవిరి గిన్నె ఉందిగా, ఇంకా ఎక్కువ పడుతుంది."

"ఏడో తరగతిలో ఈ ప్రశ్నకే నీకు సున్నా వేశాను."

"ఇప్పుడు దిద్దుతారా అమ్మా?" అన్నాడు స్పానర్. వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఇన్‌స్పెక్టర్ మధ్యలోకి వచ్చాడు. "ఆగండాగండి. బయటి పెట్టెకి మంచు పడితే మెషినే కాసేపు తిరగబడి, లోపలి వేడి లాక్కుని కరిగించుకుంటుందని ఇందాక జీపులో వీడే చెప్పాడు. అప్పుడు లోపలి పెట్టె చల్లబడదా? ఆ నీళ్లే ఇవి."

మంచి ప్రశ్నే. టీచరమ్మ స్పానర్ వైపు చూసింది.

"చల్లబడుతుంది సార్. ఐదు నిమిషాలు, మహా అయితే పది. ఆ కాసేపూ లోపలి ఫ్యాను కూడా ఆగిపోతుంది. అప్పుడు కాస్త తడి పట్టినా వేడి మొదలవగానే ఆరిపోతుంది. మూరెడు కడ్డీ దిగాలంటే మూడు నాలుగు గంటలు ఏకధాటిగా చల్లగాలి నడవాలి."

"మూడు నాలుగు గంటలు," అంది టీచరమ్మ. "ఆయా వెళ్లింది ఎనిమిదిన్నరకి. అప్పటికి వేడి వస్తోంది. ఆ తర్వాత నాలుగు గంటలంటే అర్ధరాత్రి దాటుతుంది. మరి పదింటికి ఆగిపోయిన మెషిను ఆ నీళ్లెప్పుడు కార్చింది, ఇన్‌స్పెక్టర్‌గారూ?"

ఇన్‌స్పెక్టర్ నోట్‌బుక్కులో పదింటికి అని రాసుకున్న చోట వేలు పెట్టి నిలబడ్డాడు. ఆ మాట చెప్పింది ఒక్కరే.

"రిమోట్‌లో వేడే ఉందిగా," అన్నాడు చివరికి. కాని గొంతులో పొద్దుటి జోరు లేదు.

"రిమోట్ తను చెప్పింది చూపిస్తుంది సార్, మెషిన్ విన్నది కాదు. మెషిన్నే అడుగుదాం. ఈ రకం కరెంటు పోయి వస్తే, పోయేముందు ఏం చేస్తోందో అదే మళ్లీ మొదలుపెడుతుంది."

ఇన్‌స్పెక్టర్ ఫోన్ కెమెరా తీసి పెట్టెనీ, కడ్డీనీ, దూదినీ అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీశాడు. "నేను తీసినవే. తర్వాత కాదనకండి," అన్నాడు. కాదనేది ఎవరో అతనికీ తెలియదు. ఆయా గోరువెచ్చని నీళ్లు తెచ్చింది. ఫ్యాను రెక్క విరక్కుండా స్పానర్ జాలీ మీది మంచు కరిగించాడు. కడ్డీ జోలికి ఎవరూ పోలేదు. వరండాలో బ్రేకర్ పైకెత్తి అందరూ పెద్దావిడ గదిలోకి వచ్చారు.

"మూడు నిమిషాలాగాలి. కంప్రెసర్ కాస్త ఊపిరి తీసుకుని గాని లేవదు," అన్నాడు స్పానర్. "వేడికైతే గాలి వచ్చేచోటున్న ఈ రెక్క కిందికి వాలుతుంది. చల్లదనానికైతే పైకి లేస్తుంది."

పన్నెండుకి పదమూడు నిమిషాలుంది. గోడమీది తెల్ల పెట్టె మూగగా వాళ్లను చూసింది. టీచరమ్మ పెదవులు కదిలాయి. 'స్వామీ, నిజం ఏదైతే అది చూపించు. నాకు నచ్చింది కాదు.'

ఎక్కడో టిక్ మంది. బయట హోరు మొదలైంది. రెక్క వణికి, మెల్లగా కదిలింది.

పైకి.

చల్లటి గాలి ఖాళీ మంచం మీద దుప్పటి అంచును కదిలించింది.

ఇన్‌స్పెక్టర్ జేబులోంచి తాళంచెవి తీసి, ఏమీ అనకుండా స్పానర్ చేతి బేడీ విప్పాడు. స్పానర్ విడుదలైన తన చేతిని అటూ ఇటూ తిప్పి, అది ఎవరిదో అన్నట్టు చూసుకున్నాడు.

"నా పని సరిగానే ఉంది," అన్నాడు, తనకే చెప్పుకుంటున్నట్టు.

"సరిగానే ఉందిరా," అంది టీచరమ్మ. "ఇప్పుడు చెప్పు. రిమోట్ ముట్టుకోకుండా, ఈ గదిలోకి రాకుండా, మెషిన్‌ని చల్లదనానికి ఎలా తిప్పుతారు?"

"ఫోన్‌తోనమ్మా. ఎక్కడున్నా తిప్పొచ్చు."

"ఎవరి ఫోన్‌లో పెట్టావు?"

"ఒక్కళ్లదాంట్లోనే. తమ్ముడుగారే అడిగారు. షాపులో ఉన్నా అక్క గది వెచ్చగా పెడతాను, నా ఫోన్‌లో వెయ్యి నాయనా అన్నారు. ఎంత ప్రేమో అనుకున్నాను. పాడైతే ఎలా తెలుస్తుందని కూడా అడిగారు. బయటి పెట్టెకి మంచు పడుతుందండీ అని నేనే..." వాడి మాట అక్కడే ఆగిపోయింది. "అయ్యో, నేనే చెప్పానమ్మా!"

"మంచు సంగతి చెప్పావు. గొట్టం సంగతి చెప్పలేదు. అదే కాపాడింది." టీచరమ్మ చూపు గబగబా గదంతా తిరిగింది. మంచం పక్కన బల్ల. నీళ్ల సీసా, కళ్లజోడు, ఆవిరి గిన్నె. "ఆయమ్మా, మాత్రల డబ్బా ఏది?"

"ఇక్కడే ఉండాలే... పొద్దున్న చూశాను కూడా." ఆయా బల్ల కిందికి వంగి చూసి లేచింది. "తమ్ముడుగారు సంచిలో వేసుకున్నారేమోనమ్మా. అక్కకి టైముకి మాత్ర పడాలి, ఆసుపత్రివాళ్లకేం తెలుసు అన్నారు. వారం వారం ఆ డబ్బా సర్దేది ఆయనేగా."

'నా డబ్బాలో నాది కాని మాత్ర... ఒకళ్ల మీద అనుమానం.'

"ఆసుపత్రిలో మీ మనిషి ఎవరైనా ఉన్నారా?" అని టీచరమ్మ అడిగేలోపే ఇన్‌స్పెక్టర్ ఫోన్ నొక్కి స్పీకర్ పెట్టాడు. రెండు రింగులకే అవతల అక్కడి కానిస్టేబుల్ గొంతు హుషారుగా పలికింది.

"సార్! నేనే చేద్దామనుకుంటున్నాను. పెద్దావిడ కళ్లు తెరిచింది సార్! ఏదో చెప్పబోయి తమ్ముడుగార్ని చూసి ఆగిపోయింది. గొంతెండిపోయిందేమో పాపం. ఆయన మాత్ర వేస్తానంటే నేనే నీళ్లు పట్టుకెళ్దామని బయటికొచ్చాను."

"నువ్వు బయటున్నావా?" అని అరిచాడు ఇన్‌స్పెక్టర్. "గదిలో ఎవరున్నారు?"

"తమ్ముడుగారొక్కరే సార్. తలుపేసుకున్నారు."

"పగలగొట్టు!"

ఫోన్‌లో గ్లాసు నేలమీద పడి పగిలిన చప్పుడు, ఆ వెంటనే పరుగెత్తే బూట్ల చప్పుడు వినిపించాయి. గోడమీది పెట్టె చల్లగాలి ఊదుతూనే ఉంది. టీచరమ్మ రెండు చేతులూ జోడించి, ఖాళీ మంచం వైపు చూస్తూ, ఆ అడుగులు లెక్కపెట్టసాగింది.